కప్పుకి రెండు కప్పుల నీళ్లు: రైస్ కుక్కర్‌లో ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు పోస్తే అన్నం చక్కగా వస్తోంది. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు అదే లెక్కన నాలుగు కప్పులకి ఎనిమిది కప్పులు పోస్తే ముద్దయిపోయింది. కొన్నిసార్లు అడుగు మాడి, పైన మెతుకు పలుకుగా ఉంటోంది. కుక్కర్ పాడైందా, కొత్తది కొనాలా?

కొత్తది ఇప్పుడే కొనకండి. ఇళ్లలో వాడే కరెంటు సామాన్లు రిపేరు చేసే పనిలో నేను పన్నెండేళ్లు ఉన్నాను. నా బల్ల మీదకి వచ్చిన రైస్ కుక్కర్లలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. నీళ్ల లెక్క తప్పడమో, గిన్నె కింద ఏదో ఇరుక్కోవడమో, అంతే. మీ సంగతి వింటుంటే మొదటిదే అనిపిస్తోంది. అయితే ఎందుకో అర్థం కావాలంటే కుక్కర్ లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూడాలి.

గిన్నె బయటికి తీసి లోపలికి చూడండి. హీటింగ్ ప్లేటు నడుమ స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బొడిపె ఒకటి ఉంటుంది. వేలితో నొక్కితే కిందికి దిగుతుంది. మామూలు స్విచ్ ఉన్న కుక్కర్‌కి కళ్లూ చెవులూ అన్నీ అదే. దానికి తెలిసింది ఒక్కటే, గిన్నె అడుగు ఎంత వేడిగా ఉందో. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ప్లేటు ఇచ్చే వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కొంత నీరు బియ్యంలోకి ఇంకి, మిగిలింది ఆవిరైపోయాక, ఇక ఆ వేడికి వేరే పని ఉండదు. అడుగు వేడెక్కుతుంది. ఆ బొడిపెలో ఫెర్రైట్ అనే ఇనుము కలిసిన పదార్థం ముక్క ఒకటి, దాన్ని పట్టుకుని ఒక అయస్కాంతం ఉంటాయి. 100 దాటి ఇంకాస్త వేడెక్కగానే ఫెర్రైట్ అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుంటుంది. పట్టు జారగానే స్ప్రింగు తంతుంది, టక్‌మని మీట పైకి లేచి ఉడికించడం ఆగుతుంది (స్విచ్ పడడం అంటే ఇదే), వార్మ్ దీపం వెలుగుతుంది.

అంటే కుక్కర్ అన్నం ఉడికిందో లేదో చూడదు. నీళ్లు అయిపోయాయో లేదో చూస్తుంది. మీరు పోసే నీళ్లే దానికి గడియారం. ఎక్కువ పోస్తే ఎక్కువసేపు ఉడికిస్తుంది, తక్కువ పోస్తే తొందరగా ఆపేస్తుంది. మెతుకు చిమిడిపోయినా, పలుకుగా ఉండిపోయినా దానికి పట్టదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1955 డిసెంబర్‌లో జపాన్‌లో తోషిబా అమ్మకానికి తెచ్చిన ఆటోమేటిక్ కుక్కర్‌లో ఒక గిన్నె లోపల ఇంకో గిన్నె ఉండేది. దాన్ని తయారుచేసింది యోషితాదా మినామి అనే చిన్న వర్క్‌షాప్ యజమాని. రకరకాలుగా వండి చూసే పని చాలావరకు ఆయన భార్య ఫుమికో చేసింది. లోపలి గిన్నెలో బియ్యం, నీళ్లు. బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు. ఆ బయటి కప్పు ఆవిరవడానికి సుమారు 20 నిమిషాలు పట్టేది. అవి అయిపోగానే వేడి పెరిగి స్విచ్ పడిపోయేది. ఇప్పటి కుక్కర్లలో చాలావాటికి ఆ బయటి గిన్నె లేదు కాబట్టి ఒకే ఎసరు రెండు పనులూ చేయాలి, బియ్యాన్ని ఉడికించాలి, టైమూ చెప్పాలి. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఇక మీ నాలుగు కప్పుల సంగతి. ఎసరులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి బియ్యం తాగేది. అది బియ్యంతో పాటు పెరుగుతుంది, రెట్టింపు బియ్యం రెట్టింపు తాగుతుంది. రెండోది మూత కంత నుంచి ఆవిరిగా పోయేది. అది బియ్యం కొలత మీద కాదు, ఎంతసేపు మరిగింది, మూత ఎంత గట్టిగా పడింది, ప్లేటు ఎన్ని వాట్లు అన్నదాని మీద ఆధారపడుతుంది. బియ్యం నాలుగు రెట్లు చేసినంత మాత్రాన ఆవిరి నాలుగు రెట్లు పోదు, కాస్త పెరుగుతుంది అంతే. మీరు ఎనిమిది కప్పులు పోసినప్పుడు ఆవిరి భాగాన్ని కూడా నాలుగుతో గుణించేశారు.

అంకెలతో చూద్దాం. కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ., అందులో తెల్ల బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. మీ ఒక కప్పు వంటలో 360 మి.లీ. నీళ్లు పోశారు. అందులో 150 మి.లీ. ఆవిరైందనుకుందాం. మిగతా 210 బియ్యం తాగింది. ఇప్పుడు నాలుగు కప్పులకి బియ్యం తాగేది 840. ఆవిరికి 180 వేసుకుందాం, ఎక్కువసేపు మరుగుతుంది కదా. మొత్తం 1020 మి.లీ., అంటే అయిదున్నర కప్పుల పైన కొంచెం. మీరు పోసింది 1440. నాలుగు వందల మి.లీ. పైగా అదనం. ఆ అదనపు నీళ్లు పోయేదాకా కుక్కర్ ఆగదు, పోయేలోపు బియ్యం తాగగలిగినంత తాగేస్తుంది. ముద్ద కాక ఏమవుతుంది?

ఇదే లెక్కని వెనక్కి తిప్పి చూడండి. అర కప్పు బియ్యానికి ఒక కప్పు నీళ్లు పోస్తే? బియ్యం తాగాల్సింది 105, ఆవిరికి 130 దాకా పోతుంది, మొత్తం 235 కావాలి, ఉన్నది 180. బియ్యం సగం తాగేసరికే అడుగు ఎండిపోయి స్విచ్ పడిపోతుంది. పైన పలుకు, కింద మాడు. పలుకు వచ్చిన రోజుల్లో మీరు ఒక్కరికే అని కొంచెమే వండుకున్నారా? నా అనుమానం అదే. అర కప్పు వండాలంటే మూడింతల దగ్గరగా నీళ్లు పట్టొచ్చు. అసలు పెద్ద కుక్కర్‌లో అర కప్పు వండకపోవడమే మంచిది, పలచటి పొర కాబట్టి ఎలా వండినా సమంగా రాదు.

పై అంకెలు ఉదాహరణకే. మీ కుక్కర్‌ది మీరే కొలుచుకోండి, వంటింటి తూకం ఉంటే చాలు. ఖాళీ గిన్నె బరువు, పొడి బియ్యం బరువు, కడిగి నీళ్లు పోశాక మొత్తం బరువు, ఉడికి మగ్గాక మొత్తం బరువు. ఈ నాలుగూ రాసుకోండి. మూడోదానికీ నాలుగోదానికీ తేడా ఆవిరైన నీళ్లు, ఒక గ్రాము అంటే ఒక మి.లీ. నాలుగోదాంట్లోంచి గిన్నె, బియ్యం తీసేస్తే బియ్యం తాగింది వస్తుంది. అన్నం మీకు నచ్చినట్టు వచ్చిన రోజు ఈ లెక్క తీయండి, ముద్దయిన రోజు తీసి లాభం లేదు. ఒకసారి కప్పుతో, ఒకసారి మూడు కప్పులతో చేస్తే ఆ రకం బియ్యం ఉన్నంతకాలం మీకు ఇక టెన్షన్ లేదు. కడిగాక బియ్యానికి అంటుకుని ఉండిపోయే నీళ్లు కూడా ఈ పద్ధతిలో లెక్కలోకి వచ్చేస్తాయి, కప్పులతో కొలిచేటప్పుడు అవి ఎప్పుడూ బయటే ఉండిపోతాయి.

వేలు పెట్టి కొలిచే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. బియ్యం పైన మొదటి గణుపు దాకా నీళ్లు. చాలామంది అది మూఢనమ్మకం అన్నట్టు మాట్లాడతారు గానీ అందులో తెలివి ఉంది. గణుపు ఎత్తు మారదు కాబట్టి, ఆవిరికి పోయే స్థిరమైన భాగాన్ని అది తనకి తెలియకుండానే లెక్కలో పెట్టుకుంటుంది. అయితే గిన్నె వెడల్పుని మాత్రం పట్టించుకోదు. గణుపు రెండున్నర సెంటీమీటర్లు, గిన్నె 18 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, బియ్యం పైన నిలిచే నీళ్లే 635 మి.లీ. గింజల మధ్య సందుల్లో నిండేవి కప్పుకి ఇంకో 75. మూడు కప్పుల బియ్యానికి మొత్తం 860 వస్తుంది, నా లెక్క ప్రకారం కావలసింది 800 దగ్గర, పర్వాలేదు. ఒక కప్పుకి మాత్రం 710 అవుతుంది, దాదాపు నాలుగు కప్పుల నీళ్లు, అది అన్నం కాదు గంజి. అయిదారు కప్పులకి తక్కువ పడుతుంది. రోజూ ఒకే గిన్నెలో మూడు కప్పులు వండేవాళ్ల వేలు తప్పదు. గిన్నె మారిస్తే వేలు మోసం చేస్తుంది.

గిన్నె లోపలి గీతల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. 3 అని ఉన్న గీత అంటే మూడు కప్పుల నీళ్లు అని కాదు. ఆ కుక్కర్ కప్పుతో మూడు కప్పుల బియ్యం వేసి, ఆ బియ్యంతో కలిపి నీటిమట్టం ఆ గీత దాకా రావాలని. కప్పు పోయి, వంటింట్లో ఉన్న 240 మి.లీ. కప్పుతో బియ్యం కొలిచి గీత దాకా నీళ్లు పోస్తే బియ్యం మూడో వంతు ఎక్కువైపోతుంది, అన్నం బిరుసుగా వస్తుంది. ఆ గీతలు ఆవిరి సంగతి ముందే చూసుకుని గీసినవి, అందుకే ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య దూరం మీ రెండింతల లెక్కకి సరిపోదు. కాకపోతే తయారీదారు మనసులో ఉన్న బియ్యం, మీ బియ్యం ఒకటే అని నమ్మకం లేదు. గీత దాకా పోసి వండి చూసి, అక్కడి నుంచి అటూ ఇటూ జరుపుకోండి.

బియ్యం రకానికి వస్తే, పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగి పొడిపొడిగా ఉంటుంది, కొత్త బియ్యం తక్కువ నీటికే మెత్తబడి అంటుకుంటుంది. బస్తా మారినప్పుడు అన్నం తీరు మారితే కుక్కర్‌ని తిట్టకండి. బాస్మతిలాంటి పొడుగు గింజలో అమిలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ, అందుకే విడివిడిగా వస్తుంది. పొట్టి గింజలో అది తక్కువ, అందుకే అతుక్కుంటుంది. కావాలని చేసే తప్పేమీ కాదది, దాని గుణమే అంత. ఉప్పుడు బియ్యం వడ్లుగా ఉన్నప్పుడే ఒకసారి ఉడికి ఎండినది కాబట్టి గింజ గట్టిగా ఉంటుంది, నీళ్లూ టైమూ రెండూ ఎక్కువ కావాలి. దంపుడు బియ్యానికి పైన తవుడు పొర ఉంటుంది, నీళ్లు లోపలికి పోవడానికి అది అడ్డం. దానికి తెల్ల బియ్యం కంటే కప్పుకి కనీసం అర కప్పు ఎక్కువ పోసి, గంట పైన నానబెట్టి వండండి. ఎక్కువ నీళ్లు అక్కడ తాగడానికే కాదు, గడియారాన్ని పొడిగించడానికి కూడా.

నానబెట్టడం తెల్ల బియ్యానికి తప్పనిసరి కాదు గానీ 20, 30 నిమిషాలు నానితే గింజ మధ్య దాకా తడి చేరుతుంది, పలుకు సమస్య చాలావరకు అక్కడే పోతుంది. నానబెట్టిన నీళ్లు పారబోస్తే, బియ్యం అప్పటికే కొంత తాగిందని గుర్తుంచుకుని ఎసరు తగ్గించండి. కడగడం ఎందుకంటే గింజల మీద పొడిలా ఉన్న పిండి పోవడానికి. అదే ఉడికేటప్పుడు నురగగా లేచి పొంగుతుంది, అడుగున పేరుకుని మాడుతుంది. రెండు మూడు నీళ్లు చాలు, నీళ్లు గాజులా తేటబడేదాకా రుద్దక్కర్లేదు, గింజలు విరుగుతాయి. పైన విటమిన్లు పట్టించి అమ్మే బియ్యమైతే కడిగితే అవి పోతాయి, దాని ప్యాకెట్ మీద ఏం రాశారో చూసుకోండి.

కుక్కర్ పొంగి మూత మీద అంతా గంజి చిమ్ముతుంటే కడిగింది చాలలేదనో, గిన్నెలో చివరి గీత దాటి వేశారనో అర్థం. రెండు చుక్కల నూనె వేస్తే నురగ అణుగుతుంది. మూతకి ఉన్న ఆవిరి కంత పిండి పేరుకుని మూసుకుపోయిందేమో కూడా చూడండి.

ఇప్పుడు మాడు గురించి. స్విచ్ పడే క్షణానికి అడుగు 100 దాటి ఉంటుంది కాబట్టి కింది మెతుకుల మీద లేత గోధుమ రంగు పొర రావడం సహజం, అది లోపం కాదు. నల్లగా మాడితేనే కారణం వెతకాలి. మొదట గిన్నె అడుగు, ప్లేటు చూడండి. ఒకసారి ఒకాయన కుక్కర్ తెచ్చి, రెండు షాపుల్లో ప్లేటు మార్చమన్నారు, మీరైనా తక్కువలో చేయండి అన్నాడు. గిన్నె తీస్తే ప్లేటు మీద ఒకే ఒక్క మెతుకు, మాడి రాయిలా అతుక్కుని ఉంది. గిన్నె దాని మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోంది. ఆనిన చోట మాడుతోంది, ఆనని చోట ఉడకడం లేదు. గోరుతో గీకి ఇచ్చేశాను. డబ్బులు తీసుకోలేదు, తీసుకుంటే బాగుండేది అని తరవాత అనిపించిందనుకోండి.

గిన్నె పెట్టే ముందు అడుగు తుడిచి, పెట్టాక అటూ ఇటూ ఒకసారి తిప్పండి, సరిగ్గా కూర్చుంటుంది. ప్లేటుకి మెతుకు అంటుకుంటే ప్లగ్ తీసి, చల్లారాక, తడి గుడ్డతో నానబెట్టి తీయండి. బొడిపె చుట్టూ గంజి ఎండి అది కిందికీ పైకీ ఆడకపోతే స్విచ్ ముందే పడిపోవచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. అసలు పడకపోతే వెంటనే వాడకం ఆపాలి.

ఇంకో అలవాటు ఉంది, స్విచ్ పడగానే ఇంకా ఉడకలేదేమో అని మళ్లీ మళ్లీ నొక్కడం. వేడి మీద ఉన్న ఫెర్రైట్‌కి అయస్కాంతం అంటుకోదు కాబట్టి మీట నిలబడదు. కొందరు దానికి చెంచా అడ్డం పెడతారు. అలా పెట్టిన కుక్కర్లే నా దగ్గరికి నిజంగా పాడై వచ్చేవి. దయచేసి ఆ పని చేయకండి, అడ్డం పెట్టిన కుక్కర్‌కి ఇక ఆగడం తెలియదు.

స్విచ్ పడ్డాక చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండడం. మూత తీయకుండా 10 నుంచి 15 నిమిషాలు మగ్గనివ్వండి. స్విచ్ పడే సమయానికి పైపొర తడిగా, అడుగు పొడిగా ఉంటుంది, మెతుకు అంచు మెత్తగా, నడుమ గట్టిగా ఉంటుంది. లోపల చిక్కుకున్న ఆవిరి ఈ తేడాలన్నిటినీ సర్దుతుంది. నా మాట నమ్మి ఒక్క వారం ఇది పాటించండి, మీ పలుకులో సగం దీనితోనే పోవచ్చు. తరవాత చెక్క హస్తంతో అడుగు నుంచి పైకి మెల్లగా విడదీయండి. స్టీలు గరిటె గిన్నె పూతని గీరేస్తుంది.

అప్పటికే పలుకుగా వచ్చిందంటే, రెండు మూడు చెంచాల వేడినీళ్లు పైన చిలకరించి, మూత పెట్టి, ప్లేటు చల్లారేదాకా పదినిమిషాలు ఆగి స్విచ్ నొక్కండి, ఈసారి నిలుస్తుంది. చన్నీళ్లు వద్దు. ముద్దయితే చేయగలిగింది తక్కువ. మూత తీసి, వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి ఆవిరి పోనిస్తే కాస్త నయం, అంతే.

ఎత్తైన కొండ ప్రాంతంలో ఉంటే ఇంకో లెక్క. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది, 1500 మీటర్ల ఎత్తున 95 డిగ్రీలకే మరుగుతుంది. తక్కువ వేడిలో అన్నం ఉడకడానికి ఎక్కువసేపు కావాలి, కాబట్టి నీళ్లు కాస్త ఎక్కువ పోసి, బియ్యం తప్పకుండా నానబెట్టండి.

వార్మ్‌లో ఎంతసేపు ఉంచొచ్చు అని మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉండొచ్చు, అవి ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతవరకు పెరగవు. వార్మ్ ఆపి, గోరువెచ్చటి అన్నాన్ని అలాగే గిన్నెలో గంటల తరబడి వదిలేస్తేనే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు తయారయ్యే విషం మళ్లీ వేడి చేసినా పోదు. తినేదాకా వార్మ్‌లో ఉంచండి, మిగిలింది గంటలోపు పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికల్లా తినేయండి. వార్మ్‌లోనూ పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉంచితే అడుగు ఎండి పసుపు రంగుకి తిరుగుతుంది, వాసన మారుతుంది.

బటన్లూ, తెరా ఉన్న కంప్యూటర్ రకం కుక్కర్లు వేడి పెరిగే తీరుని బట్టి నానబెట్టడం, మరిగించడం, మగ్గబెట్టడం వాటంతట అవే సర్దుకుంటాయి, మీ పొరపాట్లని కొంత కడుపులో పెట్టుకుంటాయి. కానీ నాలుగు కప్పులకి ఎనిమిది పోస్తే వాటిలోనూ ముద్దే.

కాబట్టి వచ్చేసారి నాలుగు కప్పులు వండేటప్పుడు 1020 మి.లీ. పోసి చూడండి, బిరుసుగా అనిపిస్తే మరుసటిసారి అర కప్పు పెంచండి. గిన్నెని బల్ల మీద బోర్లించకుండా నిటారుగా పెట్టి, అడుగున అటూ ఇటూ ఊగుతోందేమో కూడా ఒకసారి గమనించండి. ఊగితే అడుగు సొట్టపోయినట్టు, అప్పుడు గిన్నె ఒక్కటి మార్చుకోండి, కుక్కర్ అక్కర్లేదు.